యానాది పొగకుండ

నమస్కారం. ఈరోజు ఒక మట్టి కుండ గురించి చెబుతాను.

వరి కోతల సమయంలో నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట వైపు యానాది అనే గిరిజన తెగకు చెందిన ఒక తాత ఎలుకలు పడుతుంటే గట్టు మీద కూర్చుని చూశాను. బొరియ దగ్గర చిటికెడు మన్ను తీసి నలిపి, "రాత్రి తోడిన మన్నయ్యా, లోపలే ఉంది" అన్నాడు. ఆ బొరియకు ఎన్ని దారులున్నాయో వెతికి, ఒక్కటి తప్ప అన్నీ బురదతో మూసేశాడు. కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని ఆ ఒక్క దారికి ఆనించాడు. కుండ అడుగున చిన్న చిల్లు ఉంది. అక్కడ నోరు పెట్టి ఊదుతుంటే పొగంతా నేలలోకి పోయింది. కాసేపటికి గునపంతో తవ్వితే ఎలుకలు, వాటి పక్క అరలో పేర్చిపెట్టినట్టు వరి కంకులు! ఎలుకలు కూరకు, కంకులు గంజికి. రైతుకేమో పంటా దక్కింది, గట్టూ దక్కింది.

ఇప్పుడు చాలాచోట్ల గట్ల మీద విషపు ఎరలు పెడుతున్నారు. ఎలుక ఎలాగూ చస్తుంది. కానీ విషం తిన్న ఎలుకను ఏ తల్లి వండి బిడ్డకు పెడుతుంది? ఒక్క పొట్లంతో ఆ ఇంటి పనీ పోయింది, కూరా పోయింది.

"యానాదులు మారరండీ" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వినలేకే ఈ వీడియో చేస్తున్నాను. వాళ్లు మారకపోవడం కాదు, వాళ్లు వేటాడుకునే చోటు ఒక్కొక్కటే మూసుకుపోయింది.

శ్రీహరికోటనే తీసుకోండి. పులికాట్ సరస్సుకూ సముద్రానికీ నడుమ ఉన్న ఆ దీవి అడవిలో తేనె, దుంపలు, మూలికలు సేకరించి బతికినవాళ్లు యానాదులు. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971లో తొలి రాకెట్ ఎగిరింది. ఇవాళ అక్కడి నుంచి రాకెట్ లేస్తే నా గుండె కూడా ఉప్పొంగుతుంది. అయితే ఆ నేల కోసం దీవి దాటి వచ్చిన కుటుంబాలను కూడా ఆ క్షణాన తలుచుకోవాలి కదా.

తరువాత రొయ్యల గుంటలు వచ్చాయి. 1990ల్లో మన తీరమంతా తవ్వేశారు. తీరంలోని రొయ్యల సాగుకు వ్యతిరేకంగా 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది. 2005లో వచ్చిన చట్టంతో సాగు మళ్లీ అనుమతుల దారిన సాగింది. వాగుల పక్క బురదలో చేయి పెట్టి పీతలు పట్టుకున్న మనిషి, ఇప్పుడు అదే చోట గుంటకు రాత్రి కాపలా. ముందుగా తీసుకున్న కొద్ది డబ్బు తీరక భార్యాపిల్లలతో సహా అక్కడే చిక్కుకుపోయినవాళ్లున్నారు. వెట్టిచాకిరీని చట్టం 1976లోనే రద్దు చేసింది! ఇది చెబుతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

అడవిలో ఉన్న గిరిజనులకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. నల్లమల చెంచులు దాన్ని చూపించి అడగగలరు. పంట కాలువ గట్టు మీద గుడిసె వేసుకున్న యానాదికి ఆ దారి లేదు. గట్టు అడవి కాదు. ఆయన కాలువలో చేపలు పట్టాడు, పొలాల్లో ఎలుకలు పట్టాడు, నేల నాదని ఎన్నడూ అనలేదు. అలా అనకపోవడమే ఇప్పుడు ఆయనకు వ్యతిరేకంగా నిలబడింది. ఇల్లు కావాలంటే స్థలం కాగితం అడుగుతారు.

తాతను అడిగాను, మనవడికి కుండ ఊదడం నేర్పావా అని. "నేర్పానయ్యా. వాడు గుంట కాపలాకు పోయాడు" అన్నాడు. కుండలోని బూడిద దులిపి, చంకన పెట్టుకుని, తరువాతి గట్టుకు నడిచాడు.

మీ ఊరి కాలువ గట్టున యానాది ఇళ్లున్నాయా? వాటికి పట్టాలున్నాయో లేదో వెళ్లి కనుక్కుని, కింద రాయండి. లేనివన్నీ ఒకచోట రాసుకుని, అర్జీ పెట్టడానికి నేను వస్తాను.