చెట్టుకి లెక్కుంది

సభకు నమస్కారం. పెద్దలందరి పేర్లూ అధ్యక్షులవారు చదివేశారు, నేను మళ్లీ చదవను.

ఆగస్టు 29 కదా, గిడుగువారి మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. 1863లో ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, మన పర్లాకిమిడిలో పంతులై, నోటితో మాట్లాడే తెలుగునే పిల్లల్ని రాయనివ్వమని పోట్లాడిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిస్తే ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వదిలేసిన ఊరు ఇదిగో, ఉంది. మనం కూర్చున్నది అందులోనే. మా ఊరు లేదు.

హిరమండలం రిజర్వాయరు మీరు చూసే ఉంటారు. 19 టీఎంసీలు. వంశధార మీద నేరడి బ్యారేజీకి ఒడిశాతో పేచీ తెగక, కాట్రగడ్డ దగ్గర ఏటి పక్కనుంచి నీళ్లు మళ్లించే సైడ్ వియర్ కట్టి... సరే, ఆ కథ ఇంజనీర్లు చెప్తారు. చేలకు నీళ్లొద్దనే పాపిష్టివాణ్ని కాను నేను.

పరిహారం కొలతల రోజున ఇల్లు కొలిచారు, నుయ్యి కొలిచారు. శ్మశానం గట్టు మీద మేం కాయలు దులుపుకునే చింతచెట్టుకి నంబరేశారు. మా అయ్య అడిగాడు: "బాబూ, సెట్టుకి లెక్కుంది. దాని కిందున్న మాయమ్మకి లెక్క లేదేటి?" ఆ కుర్రాడు కాగితం తిరగేసి, "పోరంబోకు తాతా" అన్నాడు. పాపం, మర్యాదగానే అన్నాడు. అంటే ఏటని అయ్య నన్నడిగాడు. ఎవరికీ పట్టా లేని నేల అన్నాను. అయ్య గోరీ వైపు తిరిగి, "ఇన్నావా అమ్మా, నువ్వు ఎవరి దానివీ కాదంట" అన్నాడు.

చీటీ పంపుతున్నారు, చూశాను. గిడుగువారి దగ్గరికే వస్తున్నాను. ఆయన సవర భాష నేర్చి, సవర పిల్లలకు సొంత డబ్బుతో బడి పెట్టారు. ఆ సవరలు చనిపోయినవాళ్లకి రాయి నిలబెడతారు. నేనడిగేదీ అదే. రిజర్వాయరు గట్టు మీద ఒక్క రాయి, మునిగిన ఊళ్ల పేర్లతో. ఆ ఊళ్లకి పిల్లనిచ్చినవాళ్లు, పిల్లని తెచ్చుకున్నవాళ్లు చేతులెత్తండి. ఎత్తండయ్యా, అర్జీ మీద సంతకాలు కావాలి.

మొన్న సంక్రాంతికి పెద్దలకి పెట్టుకుందామని అయ్యని గట్టు మీదకి తీసుకెళ్లాను. ఎదురు కొండని గురుతు పెట్టుకుని, చింతచెట్టు ఎక్కడుండేదో నీళ్లలో చూసుకున్నాడు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. అది చూసి వాచ్‌మన్ కేకలేసుకుంటూ పరిగెత్తుకొచ్చి జబ్బ పట్టుకున్నాడు.

"దూకనొరే," అన్నాడు అయ్య. "మాయమ్మ దగ్గర చెప్పులేసుకుంటానేటి?"