పొడి కొట్టడం వల్ల పాడైందా, కొడుతుండగా పాడైందా?

నమస్తే. మిక్సీ పాడైంది, వారంటీ ఇంకా ఉంది. కానీ దాంతో మీరు చేసింది ఇంటి వంట ఒక్కటే కాదు. ఇప్పుడు ఎవరిని అడిగినా ఒకటే సలహా ఇస్తారు: "ఇంట్లో చట్నీకే వాడామని చెప్పేయ్." ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. తప్పు కాబట్టి మాత్రమే కాదు. చాలాసార్లు ఆ అబద్ధమే మన క్లెయిమ్‌ని చెడగొడుతుంది.

[తెరపై: 750 వాట్ల మిక్సీ, పక్కన చాటలో ఎండుమిరపకాయలు]

రాజమండ్రిలో మా పిన్ని కందిపొడి, కరివేపాకు పొడి, కారప్పొడి ఇంట్లోనే కొట్టి అమ్ముతుంది. రోజూ పొద్దున రెండు గంటలు, మధ్యమధ్యలో ఆపుతూ, మిక్సీ పనే. ఏడో నెలలో అది ఆగిపోయింది. మా తమ్ముడు పైన చెప్పిన సలహానే ఇచ్చాడు. పిన్ని ఒప్పుకోలేదు. సర్వీస్ సెంటర్‌లో రిపేరుకి తీసుకున్నప్పుడు వాళ్లు రాసే కాగితం, అదే జాబ్ షీట్ మీద ఇలా రాయించింది: "అమ్మకానికి పొడులు కొడతాను, రోజుకు రెండు గంటలు. కారం కొడుతుండగా టక్కున ఆగింది. మాడు వాసన రాలేదు."

ఆ చివరి వాక్యం బంగారం. శక్తికి మించి తిరిగిన మోటారు వేడెక్కుతుంది. వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్టల మీది వార్నిష్ మాడి వాసన కొడుతుంది, ఆ చుట్టలు నల్లబడతాయి. వాసన రాలేదంటే మెకానిక్ ముందుగా వేరేచోట వెతుకుతాడు. విప్పితే వైండింగ్ శుభ్రంగా ఉంది. స్విచ్ దగ్గర సోల్డరింగ్ సరిగా పడక తీగ ఊడింది. రోజుకో చట్నీ వేసుకునే ఇంట్లోనైనా అది ఊడేదే. వారంటీలోనే చేసిచ్చారు. జార్‌ని మోటారుకి కలిపే కప్లర్ అరిగిపోయింది, దానికి మాత్రం డబ్బులు తీసుకున్నారు. అది న్యాయమే, అరిగింది మన వాడకంతోనే కదా.

అందుకే నేను అడిగే ప్రశ్న ఒక్కటే. పొడి కొట్టడం *వల్ల* పాడైందా, పొడి కొడు*తుండగా* పాడైందా? ఈ రెండూ ఒకటి కాదు.

ఇప్పుడు వారంటీ కార్డు తీయండి. "వ్యాపార వాడకం వల్ల కలిగిన నష్టానికి వారంటీ లేదు" అని ఉంటే, ఊడిన తీగ గురించి మీరు గట్టిగా అడగొచ్చు. "వ్యాపారానికి వాడితే వారంటీ రద్దు" అని ఉంటే ఏ లోపమైనా కాదనడానికి కంపెనీకి దారి ఉంది. ఇలా రాయడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. కానీ కొనేముందు చదవాల్సింది మనమే.

మరి వైండింగే మాడి ఉంటే? చాలా మిక్సీల అడుగున "30 నిమిషాలు" అని రేటింగ్ ఉంటుంది. విరామాలిస్తూ కొద్దిసేపు వాడమని దాని అర్థం. దాన్ని దాటి మోటారు మాడిపోతే ఆ ఖర్చు మనదే. పిన్ని కూడా అదే అంది: "అది మాడుంటే నేనే కట్టుకునేదాన్నిరా."

చట్టం మాట. అమ్మకానికి వాడితే నువ్వు వినియోగదారుడివే కాదు పొమ్మంటారు కొందరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 అలా అనలేదు. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని వాడుకునే వస్తువును అది వాణిజ్య ప్రయోజనం కింద లెక్కించదు. ఆటో కొని తానే నడుపుకుని బతికేవాడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మా పిన్ని మిక్సీ కూడా ఆ ఆటో లాంటిదే. అయితే దీనివల్ల వినియోగదారుల కమిషన్ తలుపు తెరుచుకుంటుంది, అంతే. వస్తువులో లోపం ఉందని మనమే చూపించాలి.

[తెరపై: సీసీటీవీ డబ్బాలో ఎస్‌ఎస్‌డీ]

ఇదే మిక్సీని కంప్యూటర్‌లోకి తెద్దాం. మామూలు ఎస్‌ఎస్‌డీని, అంటే కంప్యూటర్‌లో ఫైళ్లు దాచే డిస్కుని, సీసీటీవీ రికార్డింగ్‌కి పెట్టడమంటే, ఇంటి మిక్సీతో రోజంతా కారం కొట్టడమే. శాంసంగ్ 870 ఈవో 1 టీబీ (వెయ్యి జీబీ) రకానికి వారంటీ 5 ఏళ్లు లేదా దానిమీద మొత్తం 600 టీబీ డేటా రాసేదాకా, ఏది ముందైతే అది. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున 8 కెమెరాలు రాస్తే రోజుకు దాదాపు 345 జీబీ. అంటే 5 ఏళ్లు నిండకముందే 600 టీబీ అయిపోతుంది. ఎంత రాశారో ఆ డిస్కే లెక్క దాచుకుంటుంది కాబట్టి "ఫొటోలకే వాడాను" అంటే అక్కడే దొరికిపోతారు. కానీ రెండు నెలలకే, 20 టీబీ రాతకే చచ్చిపోయిందనుకోండి. అది "వల్ల" కాదు, "ఉండగా". అదే లెక్క ఇప్పుడు మీ తరఫున సాక్ష్యం. ఇక్కడ కూడా వాడకం గురించి కార్డులో ఏముందో చూడాలి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. వస్తువు ఇచ్చే ముందు వీడియో తీయండి. విప్పకండి, సీలు ఊడితే మళ్లీ అదో గొడవ. దేనికి వాడారో, రోజుకు ఎంతసేపో, ఆగినప్పుడు ఏం జరిగిందో మూడు వాక్యాల్లో రాయించండి. కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. కమిషన్‌కి వెళ్లాలంటే రెండేళ్ల గడువు ఉంది. జాబ్ షీట్‌ని ఈరోజే ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోవచ్చు.