దేశం పేరుతో, మతం పేరుతో: మాగ్డెబర్గ్ చెప్పే కథ

మిత్రులందరికీ నమస్కారం.

మతం మనుషుల్ని విడదీస్తుంది, దేశభక్తి కలుపుతుంది అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. 16వ శతాబ్దపు జర్మన్ చరిత్ర ముందు ఆ మాట నిలబడదు. అక్కడ కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు అనే రెండు పక్షాలూ దేశం కోసమే కత్తి పట్టామన్నాయి.

అప్పట్లో జర్మనీ ఒకే రాజ్యం కాదు. పవిత్ర రోమన్ సామ్రాజ్యం కింద వందలాది సంస్థానాలు, బిషప్పుల ఏలుబడిలోని ప్రాంతాలు, స్వతంత్ర నగరాలు ఉండేవి. పోప్ అధికారాన్ని ఎదిరించి ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన మతగురువు లూథర్ 1520లో జర్మన్ ప్రభువులకు ఇచ్చిన పిలుపులో మతసంస్కరణ ఒక్కటే లేదు, రోమ్‌లోని పోప్ పాలన మన సొమ్ము దోచుకుంటోందన్న ఆక్రోశమూ ఉంది. కాథలిక్ చక్రవర్తి ఐదో చార్లెస్ పక్షం మాత్రం సామ్రాజ్యాన్ని చీల్చేవాళ్లే ద్రోహులంది.

1547లో మ్యూల్‌బర్గ్ దగ్గర చార్లెస్ ప్రొటెస్టంట్ ప్రభువుల్ని ఓడించాడు. ప్రొటెస్టంట్ నగరమైన మాగ్డెబర్గ్ మాత్రం లొంగలేదు. పై ప్రభువు అధర్మానికి దిగితే కింది అధికారులు ఎదిరించవచ్చని అక్కడి పాస్టర్లు 1550లో ప్రకటించారు. యూరప్ రాజకీయ చింతనలో అదొక పెద్ద మలుపు. ఆ నగరాన్ని చక్రవర్తి తరఫున ముట్టడించిన సాక్సనీ పాలకుడు మోరిట్జ్ కూడా లూథరన్ (లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టంట్) మతస్థుడే! మరుసటి సంవత్సరం గడవగానే, 1552లో, అతనే చక్రవర్తి మీద తిరగబడ్డాడు. జర్మన్ స్వేచ్ఛను కాపాడతానంటూ ఫ్రాన్స్ రాజుతో చేతులు కలిపాడు. ఆ సాయానికి ప్రతిఫలంగా మెట్జ్, టూల్, వెర్డన్ నగరాలు ఫ్రాన్స్ చేతికి పోయాయి. దేశ స్వేచ్ఛ పేరుతో దేశపు నగరాల్నే ధారపోశారన్నమాట. ఆ ఫ్రాన్స్ రాజు తన దేశంలో ప్రొటెస్టంట్లను వేధించినవాడే.

1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందం, కాథలిక్కా లూథరనా, తన ప్రాంతంలో ఏ మతమన్నది అక్కడి పాలకుడికే వదిలేసింది. నచ్చని ప్రజలు ఆస్తి అమ్ముకుని వెళ్లిపోవచ్చు. ప్రొటెస్టంట్లలోనే మరో శాఖ అయిన కాల్విన్ అనుయాయులకు అందులో చోటే లేదు. ఆ తర్వాత, 1618లో, మతం పేరుతో ముప్పై ఏళ్ల యుద్ధం మొదలైంది. 1631 మే నెలలో అదే మాగ్డెబర్గ్ తగలబడి, దాదాపు 20,000 మంది చనిపోయారు.

ఆ యుద్ధాన్ని ముగించిన 1648 వెస్ట్‌ఫాలియా సంధిలో నన్ను బాగా ఆకట్టుకునేది ఒక నియమం. సామ్రాజ్య సభలో మతం విషయం వస్తే ఓట్లు లెక్కపెట్టకూడదు. రెండు పక్షాలూ విడివిడిగా కూర్చుని, రాజీతోనే తేల్చుకోవాలి. ఎవరి దేవుడు నిజం అన్న ప్రశ్నను పక్కనపెట్టి, కలిసి బతికే పద్ధతిని రాసుకున్నారు. నా దృష్టిలో ఆ కాలపు అసలు దేశభక్తి అదే.

అయినా దానికీ దొంగదారి వెతికారు. మతం కారణంగా వెళ్లగొట్టాల్సివస్తే మూడేళ్ల గడువివ్వాలని సంధిలో ఉంది. 1731లో జాల్జ్‌బర్గ్ (నేటి ఆస్ట్రియాలోది) ప్రాంతాన్ని ఏలే కాథలిక్ ఆర్చ్‌బిషప్ తన ప్రొటెస్టంట్ ప్రజల మీద తిరుగుబాటుదారులన్న ముద్ర వేశాడు. సొంత భూమి లేని కూలీలకు, పనివాళ్లకు ఎనిమిది రోజులే ఇచ్చాడు. చలికాలంలో వాళ్లు మూటాముల్లె సర్దుకుని రోడ్డెక్కారు. మొత్తం సుమారు 20,000 మంది ఊళ్లు వదిలారు. వాళ్లలో ఎక్కువమందికి ప్రొటెస్టంట్ రాజ్యమైన ప్రష్యా రాజు ఆశ్రయమిచ్చాడు.