ఇక్కడివాళ్లు కాదన్నారు

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా చెప్పాలి గానీ నాకిచ్చింది పావుగంట. గ్రంథాలయ వారోత్సవాల కార్డులో నా అంశం ‘పుస్తక పఠనం’ అని వేశారు. కానీ ఇవాళ నవంబరు 19. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో ఈ రోజు సెలవు. 1832లో గరీఫునా జనం అక్కడి తీరం చేరినందుకు గుర్తుగా, తెల్లారేసరికి డప్పులు వాయిస్తూ పడవల మీద మళ్లీ ఒడ్డుకు వస్తారు. వాళ్ల గురించి మన బీరువాల్లో ఒక్క పుస్తకం లేదు. అందుకే నా పావుగంట వాళ్లకే.

కరీబియన్ సముద్రంలో సెయింట్ విన్సెంట్ చిన్న దీవి. అక్కడి కాలినాగో ఆదివాసులూ, బానిసత్వం తప్పించుకున్న ఆఫ్రికన్లూ కలిసి ఒక్కటైన జాతి ఇది. బార్బడోస్ చెరుకు తోటల నుంచి తెప్పల మీద పారిపోయినవాళ్లను గాలి ఈ వైపుకే తోసేది. కానీ ఎక్కువగా చెప్పుకునేది 1675 ప్రాంతంలో బానిసల ఓడ ఒకటి పగిలిందన్న కథే. దాన్ని ప్రచారంలో పెట్టిందెవరు? సర్ విలియం యంగ్, తోటల యజమాని. 1795లో అచ్చేశాడు. 1763 పారిస్ ఒప్పందంతో దీవి బ్రిటిష్‌వాళ్ల చేతికొచ్చాక అక్కడి భూములు అమ్మిన కమిషన్‌కు ఆయన తండ్రే పెద్ద! నల్లవాళ్లు బయటినుంచి వచ్చి అసలువాళ్లను తోసేశారు, కాబట్టి నేల మీద హక్కు లేదు. ఇదీ వాళ్ల వాదన. భూమి అమ్ముకునే ఇంట్లో రాసిన చరిత్ర అలాగే ఉంటుంది మరి.

గరీఫునా జనం ఊరుకోలేదు. 1769 నుంచి పోరాడి 1773లో ఒప్పందం చేయించుకున్నారు. 1795లో మళ్లీ యుద్ధం. నాయకుడు చటోయర్ మార్చి 14న చనిపోయాడు. ఇప్పుడాయన ఆ దేశపు మొదటి జాతీయ వీరుడు. యుద్ధం సంగతి ఎంతైనా చెప్పొచ్చు, కానీ నన్ను వదలనిది ఆ తర్వాత జరిగింది. లొంగిపోయిన నాలుగు వేల మందికి పైగా జనాన్ని బాలిసో అనే బోడి దీవిలో పడేశారు. నెలల్లోనే దాదాపు సగం మంది జబ్బులతో పోయారు. ఒంటి రంగు చూసి మనుషుల్ని ఏరారు. చాయ తక్కువున్నవాళ్లు పరాయివాళ్లట. కాస్త చాయగా ఉన్న కొందరిని వెనక్కి పంపి, మిగతావాళ్లను 1797లో ఓడలెక్కించి హోండురాస్ దగ్గర రోటాన్ దీవిలో దించేశారు. అమ్మా, మీ ఇళ్లల్లో ఒక్క తల్లి పిల్లలే ఒకరు చామనచాయ, ఒకరు నలుపు ఉండరా? వాళ్లలో ఎవరు ఇక్కడివాళ్లో ఏరమంటే ఏరగలరా?

పెద్దాపురం, సామర్లకోట వైపువాళ్లు ఉన్నారా సభలో? కర్రపెండలం గురించి మీకు చెప్పక్కర్లేదు. గరీఫునా ఆడవాళ్లు రాళ్లు గుచ్చిన చెక్కపలక మీద ఆ దుంపను తురుముతారు. అల్లిన పొడవాటి గొట్టంలో కూరి వేలాడదీసి, కిందికి లాగి విషపు రసం పిండేస్తారు. ఆ పిండిని జల్లించి పెద్ద పెనం మీద రొట్టె కాలుస్తారు. ఆదివాసుల పనే ఇది, అచ్చంగా. వాళ్ల భాషా ఆ దీవుల భాషే. అయినా వాళ్లు ఆదివాసులు కారట!

సెయింట్ విన్సెంట్ మనకు సంబంధం లేని చోటేం కాదు. మద్రాసు నుంచి వెళ్లిన ట్రావన్‌కోర్ ఓడ 1861 జూన్ 1న అక్కడి తోటల్లోకే కూలీలను దించింది.

ఇక హోండురాస్. తీరం పొడుగునా గరీఫునా ఊళ్ల భూముల మీద పర్యాటక వ్యాపారుల కన్ను పడింది. 2015లో అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు రెండు ఊళ్ల కేసుల్లో ప్రభుత్వానిదే తప్పని తేల్చింది. తీర్పు చేతికొచ్చినా నేల చేతికి రాలేదు. 2020లో ఆ రెండు ఊళ్లలో ఒకటైన ట్రియుంఫో దె లా క్రూస్ నుంచి ఊరి నాయకుడితో సహా కొందరిని ఆయుధాలతో వచ్చినవాళ్లు ఎత్తుకుపోయారు. వాళ్లవాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, మావాళ్లు ఎక్కడని.

లైబ్రేరియన్‌గారూ, వచ్చే ఏడాది కొనే పుస్తకాల జాబితా రాసేటప్పుడు నన్ను పిలవండి. వీళ్ల గురించి ఏమేం దొరుకుతాయో నేనే వెతికి తెచ్చిస్తాను.