కలవని రోడ్డు

సభకు నమస్కారం.

లాస్ ఏంజెలెస్ పక్కనున్న పసడీనాలో, 210, 134 ఫ్రీవేలు కలిసే చోటు నుంచి దక్షిణానికి ఒక వెడల్పాటి రోడ్డు బయలుదేరుతుంది. చుట్టుపక్కల వీధులకన్నా బాగా దిగువన, పెద్ద కాలువ తవ్వినట్టు ఉంటుంది. కాస్త దూరం పోగానే కాలిఫోర్నియా బూలెవార్డ్ దగ్గర ముగిసిపోతుంది. అటునుంచి, లాంగ్ బీచ్ రేవు వైపు నుంచి కంటైనర్ లారీలతో వచ్చే 710 ఫ్రీవే ఆల్హాంబ్రాలో ఆగిపోతుంది. రెండు కొసలకూ మధ్య సుమారు నాలుగున్నర మైళ్లు. వాటిని కలపాలన్న ఆలోచన దశాబ్దాల పాటు కాగితం మీదే ఉండిపోయింది.

ఎందుకు కలవలేదో చాలామందికి తెలుసు. మధ్యలో సౌత్ పసడీనా ఉంది. తమ చిన్న ఊరు రెండుగా చీలిపోతుందని అక్కడివాళ్లు కోర్టుకెక్కి, 1973లో పనులు ఆపించారు. తర్వాత సొరంగం ప్రతిపాదన వచ్చింది. 2017లో అదీ పక్కకుపోయింది. ఈ కథను ఊరి గెలుపుగా చెబుతారు. నిజంగానే గెలుపు, కాదనను.

కానీ నా మనసు ఉత్తరపు కొసలోనే చిక్కుకుంది. కోర్టు ఉత్తర్వు, ఆ రోడ్డు కోసం పసడీనాలో అప్పటికే కూల్చిన ఇళ్లను తిరిగి నిలబెట్టలేదు కదా! అక్కడ ఇళ్లు పోగొట్టుకున్నవారిలో నల్లజాతి, జపనీస్, మెక్సికన్ కుటుంబాలు ఎన్నో. లాయర్లను పెట్టుకోగల ఊరికి చెట్లు, ఇళ్లు మిగిలాయి. వీళ్లకు గొయ్యి మిగిలింది. ఆ గోతిలో వేసిన రోడ్డు ఎక్కడికీ చేరలేదు.

దారి పొడవునా రాష్ట్ర రవాణా శాఖ కొన్న ఇళ్లు నాలుగు వందలకు పైనే. చాలావాటిని ఖాళీగా వదిలేస్తే పాడుబడ్డాయి. 2020 మార్చిలో, అదే దారిలో ఉన్న లాస్ ఏంజెలెస్ పేట ఎల్ సెరెనోలో, తలదాచుకోను చోటులేని కుటుంబాలు పిల్లాపాపలతో ఆ ఖాళీ ఇళ్లలోకి వెళ్లి కూర్చున్నాయి. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

2022లో రాష్ట్రం ఆ రోడ్డు ముక్కను, సుమారు యాభై ఎకరాలను, పసడీనా నగరానికి అప్పగించింది. ఇప్పుడు అక్కడ ఏం కట్టాలన్న చర్చ నడుస్తోంది. పార్కులు, దుకాణాలు, అపార్ట్‌మెంట్లు అంటున్నారు. నేను అడిగేది ఒక్కటే. కొత్త పటం గీయకముందు పాత వీధుల పటం బల్ల మీద పరవండి. ఏ ఇంట్లో ఎవరుండేవారో, వాళ్ల పిల్లలు ఇప్పుడెక్కడున్నారో వెతకండి. అక్కడ కట్టే ఇళ్లలో మొదటి తాళంచెవులు వాళ్లకివ్వండి.