ఆర్మ్ బుష్: టక్కుమన్న చప్పుడు నుంచి చివరి బిగింపు దాకా

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్నది కారు ముందు చక్రం లోయర్ ఆర్మ్‌లో, అంటే చక్రాన్ని బండికి కలిపే కింది చేయిలో ఉండే బుష్. లోపల ఏముందో మీకు కనబడాలని హాక్సాతో నిలువునా కోసి తెచ్చాను. నడుమ ఇనుప గొట్టం, బయట ఇనుప చుట్టు, ఆ రెంటి మధ్య రబ్బరు. ఈ రబ్బరును ఊరికే కూరలేదు. అచ్చులో పోసి, వేడి మీద రెండు వైపులా ఇనుముకి అతికించేశారు. గోటితో పీకి చూడండి, రాదు. ముందు వరుస వాళ్లు చూశాక వెనక్కి అందించండి.

బుష్ అనగానే మనకి బేరింగు గుర్తొస్తుంది. గొట్టం చుట్టూ ఏదో తిరుగుతుందనుకుంటాం. ఇందులో తిరిగేది ఏమీ లేదు. సబ్‌ఫ్రేమ్‌కి, అంటే ఆర్మ్‌ను బిగించే ఇనుప చట్రానికి ఉన్న రెండు చెవుల మధ్య ఈ లోపలి గొట్టాన్ని పెద్ద బోల్టు ఒకటి నొక్కి పట్టుకుంటుంది, అది ఇక కదలదు. బయటి చుట్టు ఆర్మ్ కన్నంలో గట్టిగా దిగి ఉంటుంది, ఆర్మ్ పైకి లేస్తే తనూ లేస్తుంది, దిగితే తనూ దిగుతుంది. ఒకటి నిలబడి, ఇంకొకటి ఊగుతుంటే నడుమనున్న రబ్బరు తడిగుడ్డ పిండినట్టు మెలిపడుతుంది, వదలగానే తన చోటికి వస్తుంది. గుంత వచ్చిన ప్రతిసారీ ఇదే పని. ఈ మెలి సంగతి మనసులో పెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయే వాటిలో ముఖ్యమైనవన్నీ దీనికే ముడిపడి ఉన్నాయి.

ఆర్మ్‌కి సాధారణంగా రెండు బుష్‌లుంటాయి. ముందుది చిన్నది, ఆర్మ్ పైకీ కిందికీ ఊగడానికి ఇరుసులాంటిది. వెనకది పెద్దది, చక్రం ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది ఎక్కువగా అదే. వెనక బుష్ రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు. ఒక దిక్కున మెత్తగా ఉండి రోడ్డు దెబ్బను మింగాలి, ఇంకో దిక్కున గట్టిగా ఉండి చక్రాన్ని పట్టుకోవాలి. ఆ ఖాళీలను చూసి రబ్బరు చిరిగిపోయిందని కొత్త బుష్‌ను వెనక్కి ఇచ్చేసిన వాళ్లను చూశాను. కొన్ని కార్లలో వెనక బుష్ లోపల ద్రవం కూడా ఉంటుంది. అలాంటి దాని మీద తడి జాడ కనబడితే దాని పని అయిపోయినట్టే.

ఇక బుష్ చెడితే బండి ఏం చెబుతుంది? మొదట చప్పుడు. బ్రేకు తొక్కినప్పుడు ఒకసారి టక్కుమంటుంది, మళ్లీ కదిలినప్పుడు ఇంకోసారి. పరీక్షించడం తేలికే. ఎవరూ లేని చదునైన నేల మీద, మనిషి నడిచే వేగంలో ముందుకు వెళ్లి బ్రేకు వేయండి, తర్వాత రివర్స్‌లో వచ్చి వేయండి. దిక్కు మారిన ప్రతిసారీ ఒక్కటంటే ఒక్క టక్ వినిపిస్తే ఆర్మ్ బుష్‌ను అనుమానించాలి. బ్రేకు ప్యాడ్లు వాటిని పట్టుకుని నొక్కే కాలిపర్‌లో వదులుగా ఉన్నా ఇలాంటి చప్పుడే వస్తుంది కాబట్టి వాటినీ ఓసారి కదిపి చూడండి. చిన్న చిన్న గతుకుల మీద వరసగా టకటకమంటూ ఉంటే మాత్రం ముందు స్టెబిలైజర్ లింకుల దగ్గరికి వెళ్లండి, మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని చక్రం వైపు కలిపే చిన్న ముక్కలవి. నా లెక్కలో బుష్‌ల మీద పడే నిందల్లో సగం ఆ లింకులవే.

చప్పుడు కంటే నేను ఎక్కువ నమ్మేది బండి లాగుడును. బ్రేకు వేసినప్పుడు రోడ్డు చక్రాన్ని వెనక్కి లాగుతుంది. బుష్ చిరిగితే ఆర్మ్ వెనక్కి జరుగుతుంది. కానీ చక్రాన్ని పక్కకి తిప్పే స్టీరింగ్ టై రాడ్ తన చోటే ఉంటుంది, దాంతో చక్రం కోణం కొద్దిగా మారిపోతుంది. ముందు చక్రాలకే ఇంజన్ బలం అందే బండిలో యాక్సిలరేటర్ నొక్కితే అదే చక్రం ముందుకు జరుగుతుంది, కోణం అవతలి దిక్కుకు మారుతుంది. అందుకని బ్రేకు వేస్తే ఒకవైపు, యాక్సిలరేటర్ నొక్కితే రెండోవైపు లాగుతుంటే, అది టైరు గాలి వల్లనో అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాల అమరిక వల్లనో వచ్చింది కాదు, ఏదో వదులై కదులుతోంది. అలాంటి బండికి అలైన్‌మెంట్ చేయించి లాభం లేదు. యంత్రం మీద అంకెలు సరిగ్గా వస్తాయి, రోడ్డెక్కగానే మారిపోతాయి. టైరు ఒక అంచు మాత్రమే అరుగుతోందని రెండు మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించుకున్నవాళ్లు ఇక్కడ ఉంటే, ఇంటికెళ్లి ఒకసారి బండి కింద లైటు వేసి చూడండి.

చూసే ముందు ఒక మాట. జాకీ బండిని లేపడానికే, పట్టి ఉంచడానికి కాదు. స్టాండ్లు పెట్టి, నేల మీదున్న చక్రాలకు అడ్డు కట్టి, బండిని చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందికి దూరండి. దీనిలో నాకు రాజీ లేదు.

కింద చూడాల్సింది రబ్బరు, ఇనుము కలిసే అంచు. పాతబడిన రబ్బరు పైన సన్నని బీటలు సహజం, వాటికి భయపడక్కర్లేదు. బీట లోతుగా దిగినా, రబ్బరు ఇనుము నుంచి ఊడి సందు కనబడినా, లోపలి గొట్టం నడిమధ్య ఉండాల్సింది ఒక పక్కకు వాలిపోయినా మార్చాల్సిందే. రబ్బరు ఉబ్బి, జిగటగా, మెత్తగా ఉంటే పైన ఎక్కడో ఇంజన్ ఆయిల్ కారుతోంది. ఆ లీకు ఆపకుండా కొత్త బుష్ వేస్తే దానికీ అదే గతి. చక్రాలు వేలాడుతున్నప్పుడు మూసుకుపోయే చీలికలు కొన్ని బరువు పడ్డప్పుడే తెరుచుకుంటాయి, కొన్ని దీనికి తిరగబడి ఉంటాయి. కాబట్టి రెండు స్థితుల్లోనూ చూడగలిగితే మంచిది.

తర్వాత పొడవైన ఇనుప రాడ్డు తీసుకుని ఆర్మ్‌కీ సబ్‌ఫ్రేమ్‌కీ మధ్య పెట్టి మెల్లగా తోయండి. రబ్బరు మీద గానీ, ఆర్మ్‌కి చక్రం వైపు చివర ఉండే గుండ్రటి కీలు, అంటే బాల్ జాయింట్ తొడుగు మీద గానీ రాడ్డు ఆనించకండి. మంచి బుష్ కూడా కదులుతుంది, అది రబ్బరు కదా. అయితే ఎదురు తిరుగుతూ కదులుతుంది, వదలగానే వెనక్కి వస్తుంది. చెడిన బుష్ మొదట ఏ అడ్డూ లేకుండా జరిగి, తర్వాత ఇనుముకి ఇనుము తగిలినట్టు టక్కున ఆగుతుంది. ఈ తేడా చేతికి తెలియాలి. మొదటిసారి చూస్తున్నవాళ్లు రెండో వైపు ఆర్మ్‌ను కూడా అలాగే తోసి పోల్చుకోండి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులు తెలిసిందనుకోండి, ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమనండి. ప్లే పోతే అది చక్రం బేరింగు. పోకపోతే బాల్ జాయింటో, బుషో.

మార్చడానికి వద్దాం. ఆర్మ్ మొత్తం మార్చాలా, బుష్ ఒక్కటే మార్చాలా అని అందరూ అడుగుతారు. బాల్ జాయింట్ కూడా అరిగి, దాన్ని విడిగా మార్చే వీలు లేకపోతే ఆర్మ్ మొత్తం మార్చడం మేలు. ఆర్మ్ బాగుండి, బుష్‌ను నొక్కి దించే సరైన ప్రెస్ ఉంటే బుష్ చాలు. ఎలాగైనా రెండు వైపులా ఒకేసారి మార్చండి. రెండోది కూడా అన్నే గుంతలు చూసింది.

ఆర్మ్ విప్పక ముందే వెనక బుష్ ఖాళీలు ఏ దిక్కున ఉన్నాయో ఆర్మ్ మీద గీత పెట్టుకోండి. ఫోటో తీసుకున్నా గీత కూడా పెట్టండి. ఖాళీలు తప్పు దిక్కున దిగితే మెత్తగా ఉండాల్సిన చోట గట్టిగా, గట్టిగా ఉండాల్సిన చోట మెత్తగా అయి, కొత్త బుష్‌తో కూడా బండి పాతదానిలాగే లాగుతుంది. పాతది రాకపోతే కొందరు రబ్బరును మంటతో కాలుస్తారు. ఆ పొగ ఊపిరికి విషం. రబ్బరును డ్రిల్లుతో తొలిచి, బయటి చుట్టును లోపలి నుంచి హాక్సాతో కోస్తే ముడుచుకుని వచ్చేస్తుంది. బ్లేడు ఆర్మ్ కన్నాన్ని గీరకుండా చూసుకోండి. కొత్తది దించేటప్పుడు బలం బయటి ఇనుప చుట్టు మీదే పడాలి. నడిమి గొట్టం మీద తోస్తే బండికి ఎక్కక ముందే రబ్బరు అతుకు తెగుతుంది. రేకుతో చేసిన ఆర్మ్ అయితే దాని రెండు గోడల మధ్య సరిపడా ఇనుప ముక్క పెట్టకుండా ప్రెస్ తిప్పకండి, ఆర్మ్ వంగిపోతుంది. గ్రీజు, ఆయిల్ వద్దు. తప్పనిసరైతే సబ్బునీళ్లు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన చోటుకి వచ్చాం.

పని నేర్చుకున్న తొలి రోజుల్లో ఒక కారుకి రెండు వైపులా బుష్‌లు మార్చాను. బండి స్టాండ్ల మీద ఉంది, చక్రాలు వేలాడుతున్నాయి, చేయి హాయిగా అందుతోంది. అన్ని బోల్టులూ అక్కడే, బిగింపు బలం (టార్క్) కొలిచే టార్క్ రెంచ్‌తో లెక్క ప్రకారం బిగించాను. కొన్ని నెలలకే అదే చప్పుడుతో బండి తిరిగొచ్చింది. సరుకు నాసిరకం అనుకుని వేరే బుష్‌లు వేసి, అలాగే బిగించాను. అవీ చిరిగాయి. నాలుగింటినీ బల్ల మీద వరసగా పెట్టి చూస్తే అన్నీ ఒకే దిక్కుకు చిరిగి ఉన్నాయి. సరుకు లోపమైతే తలో దిక్కున పోయేవి. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. బండి వాళ్లు రెండుసార్లు డబ్బు కట్టింది నా తప్పుకి.

లెక్క చూడండి. ఆర్మ్ పొడవు 35 సెంటీమీటర్లు అనుకుందాం. బండిని లేపినప్పుడు చక్రం 9 సెంటీమీటర్లు కిందికి వేలాడితే ఆర్మ్ దాదాపు 15 డిగ్రీలు వాలుతుంది. అక్కడ బోల్టు బిగిస్తే రబ్బరుకి అదే విశ్రాంతి స్థితి. బండిని నేల మీదికి దించగానే రబ్బరు 15 డిగ్రీలు మెలిపడి ఉండిపోతుంది. బండి ఆగి ఉన్నా, రాత్రంతా నిలబెట్టి ఉంచినా ఆ మెలి వీడదు. దాని మీద గుంత వచ్చి ఇంకో 10 డిగ్రీలు లేపితే మొత్తం 25. సరిగ్గా బిగించిన బుష్‌కి అదే గుంతలో 10 మాత్రమే.

అందుకని ఇలా చేయండి. బండిని లేపక ముందే చక్రం నడిమి నుంచి పైన మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. బోల్టులన్నీ చేత్తో దూర్చి, నట్లు ఆనేదాకా మాత్రమే తిప్పండి. తర్వాత రెండో జాకీని బాల్ జాయింట్ దగ్గర ఆర్మ్ కింద పెట్టి, మీరు రాసుకున్న కొలత వచ్చేదాకా మెల్లగా లేపండి, బండి స్టాండ్ల మీద నుంచి లేవకుండా కనిపెట్టి ఉండండి. అప్పుడు బిగించండి. గొయ్యి గానీ, చక్రాలు ఆనే లిఫ్టు గానీ ఉంటే ఇంకా మంచిది, బండి తన బరువు తానే మోస్తూ నిలబడి ఉంటుంది. బోల్టు నిలువుగా దిగే రకం వెనక బుష్‌లో ఈ మెలి లెక్క వేరు, అయినా ఆ బండి మాన్యువల్ చెప్పిన ఎత్తులోనే బిగించండి. బిగింపు అంకె కూడా మాన్యువల్‌దే. టార్క్ తర్వాత ఇన్ని డిగ్రీలు తిప్పమని ఉంటే అలాంటి బోల్టు చాలా బండ్లలో ఒకసారికే పనికొస్తుంది, కొత్తది వేయండి.

పాలీయూరిథేన్ బుష్‌ల గురించి అడుగుతారని తెలుసు. అవి గట్టివి, చక్రాన్ని బాగా పట్టుకుంటాయి. వాటిలో గొట్టం నిజంగానే తిరుగుతుంది, కాబట్టి వాటికి గ్రీజు కావాలి, ఈ మెలి బాధ ఉండదు. కానీ రోడ్డు అదురంతా బండి లోపలికి వస్తుంది. రోజూ ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి నేను రబ్బరే వేస్తాను.

పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి, ఈసారి ఆ అంకెలు నిలుస్తాయి.

ఈ బల్ల మీద రెండు ఆర్మ్‌లు పెట్టాను. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి, ఒకదాని వెనక బుష్‌లో రబ్బరు అతుకు తెగింది. గొట్టంలో ఆ పొడవు బోల్టు దూర్చి అటూ ఇటూ వంచి చూడండి. ఒక్కొక్కరుగా రండి, ఏది చెడిందో నాకు చెప్పండి.