ఎర్ర చుక్క కనపడితే బండి ఆపండి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, పనిముట్లు పూజలో పెట్టి వచ్చిన మెకానిక్ తమ్ముళ్ళకు విశ్వకర్మ జయంతి శుభాకాంక్షలు. విశ్వకర్మ గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. పంతులుగారు ఇప్పటికే చక్కగా చెప్పారు కాబట్టి నేను గేర్‌బాక్స్ ఆయిల్ పైపుల గురించి మాట్లాడతాను. చాలాకాలంగా కడుపులో పెట్టుకున్న మాట ఇది.

మన కోనసీమలో పాత ఆటోమేటిక్ ఫోర్‌వీల్ డ్రైవ్ బళ్ళు ఇంకా తిరుగుతున్నాయి. వాటి గేర్‌బాక్స్‌లో వేడెక్కిన ఆయిల్ ఇనుప పైపులో ముందుకొచ్చి, రేడియేటర్ ట్యాంకులోని కూలర్‌లో చల్లబడి, రెండో పైపులో వెనక్కి పోతుంది. ఆ పైపుల్ని పట్టి ఉంచే క్లాంపులు చూశారా, చెరువు గట్ల ఉప్పు బురద అక్కడే ఇరుక్కుంటుంది. పైకి పెయింటు బాగానే ఉంటుంది. క్లాంపు విప్పి గోటితో గీకితే పెచ్చు ఊడుతుంది, కింద సన్నని బెజ్జం, అందులోంచి ఎర్రటి ఆయిల్ చుక్క.

2022 జూలై వరద గుర్తుందా? ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక దాటింది, కనకాయలంక కాజ్‌వే మునిగింది. చాకలిపాలెం గట్టున పడవ దిగిన ఒక పెద్దాయన ఆయాసంతో ఊపిరాడక కొట్టుకుంటున్నాడు. మా ఊరి రైతు బండిలో ఎక్కించాం. డ్రైవ్‌లో వేస్తే ఇంజిన్ రొద పెడుతుంది గానీ బండి కదలదు! కింద దూరి చూస్తే అంతా ఆయిలే. అంతకుముందే ఒక పెద్ద షెడ్డువాళ్ళు పైపులు కొత్తవి వేశామని ఆ రైతు దగ్గర బిల్లు తీసుకున్నారు. వేసింది నీళ్ళ హోసు. ఇనుప పైపు కోసి, హోసు తొడిగి, రెండు క్లిప్పులు బిగించారు. వేడి ఆయిల్‌కి ఆ రబ్బరు ఉబ్బి, మెత్తబడి, జారిపోయింది. ఆయిల్ లేక క్లచ్ ప్లేట్లు మాడిపోయాయి. పెద్దాయన్ని ట్రాక్టర్ మీద పంపాం. దేవుడి దయ, బతికాడు.

నీళ్ళ హోసు, తమ్ముళ్ళూ! "ప్రస్తుతానికి నడిచిపోద్దిలే" అన్న మాట ఇంకెవరి నోటా రాకూడదు.

సరే, పని సంగతికొద్దాం. రేడియేటర్ దగ్గర నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు పట్టండి, ఒకదానితో కూలర్ మెడకున్న అడాప్టర్‌ని కదలనివ్వకుండా. ఒక్కదానితో లాగితే కూలర్ మెడ విరిగి నీళ్ళూ ఆయిలూ కలిసే ప్రమాదముంది. ఆయిల్ రోజ్ మిల్క్‌లా మారితే ఆ గేర్‌బాక్స్ విప్పాల్సిందే. పాత పైపు పారేయకండి, దాని వంపులు చూసుకుంటూ కొత్తదాన్ని బెండర్‌తో వంచండి. రాగి వద్దు, అదురుకు పగులుతుంది. చివర్లు కంపెనీ పైపుకి ఎలా ఉన్నాయో అలాగే ఫ్లేర్ చేయాలి, అంటే మూతి గరాటులా విప్పాలి. రబ్బరు ముక్క ఉండాల్సిన చోట గేర్‌బాక్స్ ఆయిల్‌కి తట్టుకునే హోసే వేయండి. సైలెన్సర్ పైపుకి ఎడంగా కట్టండి, కారితే నిప్పంటుకుంటుంది.

ఫ్లేరింగ్ టూల్ సొంతంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా అధ్యక్షా? నా బాధ ఇదే. చిన్న షెడ్డు కుర్రాడు కొనలేక హోసు తొడుగుతున్నాడు. చవితి పందిరికి చందాలు వేసుకున్నట్టే వేసుకుని సంఘానికి ఒక టూల్ సెట్టు, ఒక బెండర్ కొందాం. కావాల్సినవాళ్ళు పుస్తకంలో సంతకం పెట్టి తీసుకెళ్తారు. ఇంకొకటి, తీసిన పాత పైపు ఓనర్ చేతిలో పెట్టాకే డబ్బు అడగాలి. సెక్రటరీ గారూ, ఈ రెండూ తీర్మానంగా రాయండి. భోజనాలకు లేవకముందే చేతులెత్తిద్దాం.